పందెం కార్ల లాల్ అహ్మద్

పొదిలి నుంచి ఒంగోలు వెళ్ళే ఆర్టీసీ బస్సు తోలే లాల్ అహ్మద్‌ను తెలియనివాళ్ళు ఆ రోడ్డు మీద తక్కువ. ఆయన బస్సెక్కితే ఆలస్యంగానైనా క్షేమంగా దిగుతామని ముసలివాళ్ళు చెప్పుకునేవారు. కుర్రాళ్ళు మాత్రం వెనక సీట్లలోంచి "అన్నా, ఎడ్లబండి దాటిపోతోంది చూడు" అని అరిచేవారు. ఆయన అద్దంలోంచి ఒకసారి చూసి మళ్ళీ రోడ్డు మీదికి కళ్ళు తిప్పుకునేవాడు.

అంత నిదానం మనిషి ప్రాణమంతా పందెం కార్ల మీద ఉందని పొదిలిలో ఒక్కరికీ తెలియదు.

అది వయసులో ఉండగా పట్టిన పిచ్చి. ఆర్టీసీలో చేరకముందు గుంటూరు నుంచి మద్రాసుకు మిరపకాయల లోడు తీసుకెళ్ళే లారీ మీద క్లీనరుగా పనిచేశాడు. ఒకసారి మద్రాసు ఇంకాస్త దూరంలో ఉందనగా, షోలవరం దగ్గర టైరు పంక్చరైంది. డ్రైవరు లారీ నీడన తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. ఎక్కడినుంచో వెయ్యి తేనెటీగలు ఒక్కసారి లేచినట్టు మోత వినిపించింది. ఏమిటా అని లాల్ అహ్మద్ ఆ మోత వెంట పోయాడు. పాత విమానాల మైదానంలో కార్లు పరిగెత్తుతున్నాయి. కంచె పట్టుకుని నిలబడ్డాడు. కారు కళ్ళ ముందుకు రాకముందే దాని చప్పుడు వచ్చి రొమ్ముకు తగిలింది. కారు పోయాక కూడా చేతిలో కంచె తీగ వణుకుతూనే ఉంది. డ్రైవరు వచ్చి వీపు మీద ఒక్కటిచ్చి లాక్కుపోయేదాకా అక్కడే ఉన్నాడు.

ఆ తర్వాత ఏ ఏడూ వదల్లేదు. పందేలు షోలవరం నుంచి శ్రీపెరుంబుదూరు వైపు కొత్త ట్రాకుకు మారితే, ఆయనా అటే మారాడు. అక్కడే పక్క సీట్లో క్రీస్తుదాసు పరిచయమయ్యాడు. సొంతూరు వేటపాలెం, మద్రాసులో రైలు పెట్టెల కార్ఖానాలో ఉద్యోగం. ఆదివారం చర్చిలో గిటారు వాయించేవాడు. కార్ల పందేలు అయిపోగానే "పదండి, అసలు మోత ఇప్పుడు వినిపిస్తా" అని లాల్ అహ్మద్‌ను ఒక కాలేజీ మైదానంలో రాక్ కచేరీకి తీసుకెళ్ళాడు. జుట్టు పెంచుకున్న కుర్రాళ్ళు ఇంగ్లీషులో ఏం పాడారో లాల్ అహ్మద్‌కు ఒక్క ముక్క తెలియలేదు. కానీ డ్రమ్ము దెబ్బ అరికాళ్ళలోంచి ఎక్కి వచ్చింది. షోలవరం కంచె దగ్గర తగిలింది ఇదేననుకున్నాడు. అప్పటినుంచి ఏటా పగలు పందేలు, సాయంత్రం కచేరీ, ఇద్దరూ కలిసే.

ఇందులో తప్పేమీ లేదు. తప్పంతా ఆయన చెప్పిన మాటల్లో ఉంది. నాలుగు పదులు దాటిన మనిషి, పిల్లల తండ్రి, గుండ్రంగా తిరిగే కార్లు చూడ్డానికి మద్రాసు పోతున్నానంటే నవ్వుతారని భయం. అందుకని ఇంట్లో స్పెషల్ డ్యూటీ అని చెప్పేవాడు. డిపోలో పెళ్ళో, జబ్బో, చావో చెప్పేవాడు. ట్రాకు దగ్గర ఖరీదైన కళ్ళద్దాలవాళ్ళ మధ్య కూర్చుని, క్రీస్తుదాసు "మీరేం చేస్తుంటారండీ?" అని మొదటిసారి అడిగినప్పుడు, "నాలుగు బస్సులున్నాయి" అనేశాడు. ఆ రోజు నుంచి క్రీస్తుదాసుకు ఆయన ఓనరుగారు.

తొంభైతొమ్మిదిలో పందేలూ శివరాత్రీ కలిసొచ్చాయి. కోటప్పకొండ తిరునాళ్ళకు బస్సులన్నీ స్పెషల్స్ వేశారు. డిపోలో ఎవరికీ సెలవు లేదన్నారు. లాల్ అహ్మద్ ఒంగోలు స్టేషను బయట టెలిఫోన్ బూతులో నిలబడి చాలాసేపు ఆలోచించాడు. మామను రెండుసార్లు ఆసుపత్రిలో పెట్టాడు. లేని మరదలికి పెళ్ళి చేశాడు. ఇక మిగిలింది ఒకటే. డిపోకు ఫోను చేసి, గొంతు తగ్గించి, "మా అమ్మ పోయిందండీ" అన్నాడు. అవతల కంట్రోలరు "అయ్యో, వెళ్ళవయ్యా, వెళ్ళు" అన్నాడు. రైలెక్కి గూడూరు దాటేదాకా ఆ "అయ్యో" ఆయన చెవిలోనే ఉంది. ట్రాకు గేటు దగ్గర ఇంజన్ల మోత వినగానే మరిచిపోయాడు.

తిరునాళ్ళ రద్దీ తగ్గాక కండక్టరు యలమందయ్య మరో ఇద్దరు డ్రైవర్లను వెంటబెట్టుకుని లాల్ అహ్మద్ ఇంటికి వెళ్ళాడు. ఏళ్ళ తరబడి ఇద్దరిదీ ఒకే బస్సు. రంజాన్ నెలలో లాల్ అహ్మద్ తల్లి సర్దార్‌బీ పంపే సేమ్యా గిన్నె మొదట యలమందయ్య చేతికే వచ్చేది. యలమందయ్య తల్లి చనిపోయినప్పుడు పాడె ఒక కొమ్ము పట్టింది లాల్ అహ్మదే. అందుకని దారి పొడుగునా కళ్ళు తుడుచుకుంటూనే నడిచాడు.

సందు తిరిగేసరికి సర్దార్‌బీ గుమ్మం ముందు గోనెపట్టా మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది.

ముగ్గురూ ఆగిపోయారు. ఆమె తలెత్తి చూసింది. ముగ్గురు ఖాకీ బట్టలవాళ్ళు, అందులో ఒకరి కళ్ళు ఎర్రగా. ఆమె చేతిలో కాయ జారిపోయింది.

"ఏంది నాయనా? మా లాలుకేమన్నా అయిందా? బస్సు పడిందా?"

"లేదు పెద్దమ్మా, లేదు. ఏం కాలేదు."

"మరి ఏడుస్తున్నావేంది యలమందా? దాచబాకు, చెప్పు."

వెనకనున్న డ్రైవరు ఆపుకోలేక, "మీరు పోయారని ఫోను చేశాడమ్మా. మేం పలకరించి పోదామని వచ్చాం" అనేశాడు.

సర్దార్‌బీ కాసేపు ఆ ముగ్గురినీ చూసింది. తర్వాత కొంగుతో చేతుల కారం దులుపుకుని లేచి, "ఎండన పడి వచ్చారు. కూర్చోండి. షమీమ్, టీ పెట్టమ్మా" అని కోడలిని కేకేసింది.

వాళ్ళు ఆ టీ తాగుతుండగానే లాల్ అహ్మద్ వచ్చాడు. ఎండకు మొహం కమిలి ఉంది. నెత్తిన ట్రాకు దగ్గర కొన్న ఎర్రటోపీ. గుమ్మం బయట చెప్పులు చూశాడు, ఖాకీ చొక్కాలు చూశాడు. టోపీ తీసి వీపు వెనక దాచుకున్నాడు. యలమందయ్య గ్లాసు కింద పెట్టి, సర్దార్‌బీకి దణ్ణం పెట్టి, లాల్ అహ్మద్ పక్కనుంచే ఆయన మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

డిపోలో మెమో ఇచ్చారు. జీతంలో కోత పెట్టారు. అవి ఆయన్ని అంతగా బాధించలేదు. డ్యూటీకి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "ఏం లాల్, ఈ నెల ఎవరి వంతు?" అనేవారు. అదీ భరించాడు. భరించలేనిది యలమందయ్య మౌనం. ఇంతకుముందు బస్సు ఖాళీగా ఉంటే ముందుకొచ్చి ఇంజను డబ్బా పక్కన కూర్చుని ఇంటి సంగతులన్నీ చెప్పేవాడు. ఇప్పుడు వెనక సీట్లోనే ఉండిపోయేవాడు. ఒక గంట కొడితే ఆగాలి, రెండు కొడితే వెళ్ళాలి. వాళ్ళిద్దరి మధ్య మిగిలిన మాట అదొక్కటే. కొన్నాళ్ళకు యలమందయ్య వేరే రూటు అడిగి మారిపోయాడు.

ఇంట్లో సర్దార్‌బీ అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. ఒకరోజు ఆయనే ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"అమ్మా, తప్పయిపోయింది. ఏదన్నా అను."

"ఏమనమంటావురా? చచ్చిపోయానన్నావు. ఎప్పటికైనా పోయేదాన్నే, దాని సంగతి వదిలెయ్. ఏ పని మీద పోతూ నన్ను చంపావో అది చెప్పు. తాగుడా? ఇంకెవరన్నా ఉన్నారా? షమీమ్ రోజూ ఏడుస్తోంది."

అప్పుడు చెప్పాడు. కార్ల పందేలన్నాడు. చెప్తుంటే ఆయనకే చిన్నతనంగా అనిపించింది. తాగుడని చెప్పినా ఇంత సిగ్గుపడేవాడు కాదేమో. తలుపు పక్కన నిలబడి వింటున్న షమీమ్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్విందో ఏడ్చిందో ఆయన చూడలేదు.

సర్దార్‌బీ నమ్మలేదు. "కార్లా? ఉత్త కార్లేనా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. చివరికి, "నన్ను తీసుకుపో. అదేందో నా కళ్ళతో చూడాల" అంది.

మరుసటి ఏడు తీసుకెళ్ళాడు. తెల్ల చీర, రబ్బరు చెప్పులు, చేతిసంచిలో పులిహోర డబ్బా. టిక్కెట్ల దగ్గర కుర్రాళ్ళు ఆమెను చూసి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. లాల్ అహ్మద్ తల దించుకుని, తనకు తెలియకుండానే రెండడుగులు ముందు నడవడం మొదలుపెట్టాడు. వెనక ఆమె "ఒరేయ్ లాలూ, నెమ్మదిరా" అన్నాక తను చేస్తున్నది గమనించి ఆగాడు. అమ్మ చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు గానీ, ఆ రెండడుగులు ఆయన మనసులో మేకుల్లా దిగాయి.

క్రీస్తుదాసు అప్పటికే వచ్చి సీట్లు పట్టాడు. "రండి ఓనరుగారూ! అమ్మగారా? కూర్చోండమ్మా, ఇటు నీడ" అని ఆమెను తన సీట్లో కూర్చోబెట్టి, మర్యాద కోసం, "మీ అబ్బాయిగారి బస్సులు బాగా నడుస్తున్నాయామ్మా?" అన్నాడు.

సర్దార్‌బీ కొడుకు మొహంలోకి చూసింది. ఆయన ట్రాకు వైపు తిరిగి కూర్చున్నాడు.

"నడుస్తున్నాయి నాయనా" అంది ఆమె. ఐదు పూటలా నమాజు చేసే మనిషి, కొడుకు పరువు కోసం నిండు పగలు అబద్ధమాడింది. తర్వాత పెదాలు కదుపుతూ లోపల్లోపల ఏదో చదువుకుంది.

కార్లు బయల్దేరాయి. ఆమె చెవుల్లో దూది పెట్టుకుని కాసేపు చూసి, "పీర్ల పండక్కి గుండం చుట్టూ తిరిగినట్టు తిరుగుతున్నారు. పీరేదిరా?" అంది. క్రీస్తుదాసు పగలబడి నవ్వాడు. లాల్ అహ్మద్‌కు నవ్వు రాలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి కార్లు ఆయనకు కనిపించడం లేదు. ఎప్పుడూ రొమ్ముకు తగిలే మోత ఆ రోజు ఉత్త మోతగానే ఉంది.

పక్కకు వంగి, "దాసుగారూ, నాకు బస్సుల్లేవు" అన్నాడు. సరిగ్గా అప్పుడే నాలుగు కార్లు ఎదురుగా దూసుకుపోయాయి.

"ఏంటండీ?"

"బస్సుల్లేవు నాకు!"

"వినపడట్లా!"

లాల్ అహ్మద్ లేచి నిలబడి గొంతు చించుకుని, "నేను ఓనర్ని కాదు! ఆర్టీసీలో డ్రైవర్ని! నాకు ఒక్క బస్సు కూడా లేదు!" అని అరిచాడు. కార్లు అప్పటికే మలుపు తిరిగి వెళ్ళిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఆయన కేక స్టాండంతా వినిపించింది. ముందు వరుసల్లో కళ్ళద్దాలు ఇటు తిరిగాయి. తెలుగు తెలిసినవాళ్ళెవరో నవ్వారు కూడా.

క్రీస్తుదాసు ఆయన చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. తర్వాత నెమ్మదిగా, "నేనేమన్నా మీ బస్సుల్ని చూసి మీ పక్కన కూర్చున్నానా లాల్ గారూ?" అన్నాడు. అంతే. పులిహోర పెడితే తిన్నాడు, సర్దార్‌బీకి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. సాయంత్రం కచేరీకి మాత్రం రాలేదు. చర్చిలో పనుందన్నాడు.

తల్లీ కొడుకులే వెళ్ళారు. ఆ గిటార్ల మోతలో ఆమె ఒక చెవిలో దూది తీసి కాసేపు విని, "ఇది నయం. డప్పు బాగా కొడుతున్నాడు" అంది. లాల్ అహ్మద్ మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె చెయ్యి ఆయన వీపు మీద పడింది. "అబద్ధం నేనూ ఆడాన్లే. తప్పు కాయమని ఇద్దరం కలిసే మొక్కుకుందాం" అంది.

ఆ తర్వాత సర్దార్‌బీ మళ్ళీ రానంది. క్రీస్తుదాసు మరుసటి ఏడు కనిపించాడు. పక్కనే కూర్చున్నాడు. "లాల్ గారూ" అన్నాడు. మునుపటి సందడి లేదు. నిజం చెప్పినంత మాత్రాన పాత ఏళ్ళు తిరిగి రావని లాల్ అహ్మద్‌కు అర్థమైంది. ఆయన ఇప్పుడు డిపోలో "కార్ల పందేలు చూడ్డానికి" అని చెప్పే సెలవు అడిగేవాడు. ప్రతిసారీ చెవులు ఎర్రబడేవి. ఒక ఏడు ఇచ్చేవారు, ఒక ఏడు నవ్వి పొమ్మనేవారు.

రెండువేల ఐదులో ఎవరో కండక్టరు రాకపోతే యలమందయ్య మళ్ళీ ఆ బస్సెక్కాల్సి వచ్చింది. చీమకుర్తి దగ్గర గ్రానైటు బండ ఉన్న లారీ రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. ముందూ వెనకా బండ్లు. జనం దిగి చెట్ల కిందికి పోయారు. బస్సులో ఇద్దరే మిగిలారు. చాలాసేపటికి యలమందయ్య ముందుకొచ్చి, కూర్చోకుండా, కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"నిజం చెప్పు లాల్. ఏముందయ్యా ఆ కార్లలో? మీ అమ్మ పోయిందని చెప్పేంత ఏముంది?"

ఆ ప్రశ్న కోసం లాల్ అహ్మద్ ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. అబద్ధాలైతే తడుముకోకుండా వచ్చేవి. షోలవరం అన్నాడు, కంచె తీగ వణికిందన్నాడు, మధ్యలో ఆగిపోయాడు. "చెప్పేంత ఏమీ లేదు యలమందా" అన్నాడు చివరికి. "నేనే మనిషిని కాకుండా పోయా."

యలమందయ్య కడ్డీ వదిలి ఇంజను డబ్బా పక్కన కూర్చున్నాడు. ముందు లారీ కదిలేదాకా ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ అలాగే కూర్చున్నారు.