ఎర్రగా రాసిన పేరు

మావారికి సియోల్ ట్రాన్స్‌ఫర్ ఖాయమైనప్పటి నుంచీ, ప్లెయిన్స్‌బరోలో మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే కొరియన్ ఆవిడ పార్క్ ఆంటీయే నాకు గురువు. పెద్దవాళ్లకి ఏదిచ్చినా రెండు చేతులతో ఇవ్వాలనీ, వాళ్లు చెంచా ఎత్తేదాకా మనం తినకూడదనీ ఆవిడే నేర్పింది.

ఇంతలో అంకుల్‌కి గుండె ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆ ఉదయం ఆంటీ కోసం పెరుగన్నం కలుపుకుని హాస్పిటల్‌కి వెళ్లాను. అక్కడి ఫ్రిజ్‌లో పెట్టాలంటే డబ్బా మీద పేషెంట్ పేరుండాలన్నారు. నా బ్యాగులో నలుపు, ఎరుపు మార్కర్లు రెండూ ఉన్నాయి. ఇలాంటి రోజున నలుపెందుకని, కుంకుమ రంగైతే మంచిదని, ఎర్ర మార్కర్‌తో అంకుల్ పేరు పెద్దగా రాసి, రెండు చేతులతో ఆంటీకి అందించాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. డబ్బా అందుకోలేదు.

వాళ్లమ్మాయి నన్ను గబగబా పక్కకి తీసుకెళ్లింది. “ప్లీజ్, అది చెరిపేయండి. మాలో చనిపోయినవాళ్ల పేర్లే ఎర్రగా రాస్తారు” అంది.

బాత్రూమ్‌లో శానిటైజర్ పోసి రుద్దితే అక్షరాలు పోయాయి గానీ, నా వేళ్లన్నీ ఎర్రబడ్డాయి. ఆ చేతులు జాకెట్ జేబుల్లో దాచుకుని సాయంత్రం దాకా ఆవిడ పక్కనే కూర్చున్నాను.

డాక్టర్ వచ్చి “హీ ఈజ్ ఫైన్” అన్నాకే ఆంటీ నా చెయ్యి పట్టుకుని వేళ్లు చూసింది. “మీకిది మంచి రంగా?” అని అడిగింది. తలూపాను. ఏడుపు ఆగలేదు.

అంకుల్ ఇంటికొచ్చేశారు. వచ్చే వారం మా ప్రయాణం. తెలియనివన్నీ ఆంటీని అడిగి తెలుసుకున్నాను. నా భయమంతా ఇప్పుడు నాకు తెలుసనుకున్నవాటి గురించే.