తొందరపడి చెప్పిన సాక్ష్యం

సహోదరులారా, అక్కచెల్లెళ్లారా, ఇదివరకు ఒకసారి మన సంఘంలో, దేవుడు నాకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పి మీ అందరి చేత చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ చప్పట్లు వెనక్కి ఇచ్చేద్దామనే ఇప్పుడు ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను పాకాల జంక్షన్‌లో మసాలా బొరుగులు అమ్ముకునేవాణ్ణి. ఐదో తరగతిలో బడికి నా మీద, నాకు బడి మీద విసుగు పుట్టి విడిపోయాము. రైలు ఆగిన రెండు నిమిషాల్లో జనాన్ని నవ్వించి పొట్లం చేతిలో పెట్టాలి, అదే నా బతుకు. అట్లాంటి నన్ను కూడా మా గ్రేసి ఐదు నెలల బిడ్డగా ఉన్నప్పుడు దేవుడు మాట రాకుండా కూర్చోబెట్టాడు. బిడ్డ ఒళ్ళు పెరగడం లేదు, తల మాత్రం పెరిగిపోతోంది! నేను మొదట "నాయన తెలివంతా దీనికే వచ్చినట్టుంది" అని నవ్వాను. తిరుపతిలో డాక్టరమ్మ స్కానింగ్ చూసి, తలలో నీరు చేరింది, మెదడును నొక్కుతోంది అని చెప్పినప్పుడు ఆ నవ్వు నా మొహం మీదే ఎండిపోయింది.

ఆపరేషన్ చేసి తలలో నుండి చెవి వెనుకగా, చర్మం కిందగా, కడుపులోకి సన్నటి గొట్టం వేశారు. షంటు అంటారు దాన్ని. ఎక్కువైన నీరు దాని గుండా కడుపులోకి దిగిపోతుంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చి, ఈ గొట్టం ఎప్పుడైనా మూసుకుపోవచ్చు, వాంతులు, విడువని తలనొప్పి, మత్తు నిద్ర, చూపు కిందికి వాలడం, జ్వరం, వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే రావాలని గట్టిగా చెప్పింది.

బిడ్డ బాగైంది. కూర్చుంది, నడిచింది, నా బొరుగుల డబ్బాలో చెయ్యి పెట్టింది. నాకు ఆనందం ఆగలేదు. సంఘంలో నిలబడి, దేవుడు నా బిడ్డను ముట్టి పూర్తిగా బాగుచేశాడు, ఆ గొట్టానికి ఇక పనే లేదు, దేవుడు దానికి రిటైర్మెంట్ ఇచ్చేశాడు అని అరిచాను! ఎంత నవ్వారు మీరు, ఎన్ని హల్లెలూయలు! ఆ గొట్టానికి పని లేదని నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నోటికి వచ్చింది, అన్నాను. మరుసటి రోజు పొట్లాలకు కాగితాలు చాలకపోతే, బాగైన బిడ్డకు ఇంక చీటీ ఎందుకులే అని డాక్టరమ్మ ఇచ్చిన కాగితాన్నే చుట్టి, బొరుగులు పోసి కాట్పాడి రైల్లో ఎవరికో అమ్మేశాను. మీరు నమ్మినా నమ్మకపోయినా ఇది నిజం.

గ్రేసికి రెండేళ్ళు నిండాక, ఒక శుక్రవారం పొద్దున వాంతి చేసుకుంది. ఆ ఆదివారమే పక్క ఊరి ప్రార్థన కూటంలో నేను సాక్ష్యం చెప్పాలి. ఎండదెబ్బ అన్నాను. మళ్ళీ వాంతి, బొరుగులు పడలేదన్నాను. శనివారానికి బిడ్డ తల పట్టుకుని మూలుగుతూ మత్తుగా పడుకుంది.

నా భార్య సుగుణ నా చొక్కా పట్టుకుంది. "ఏమయ్యా, బిడ్డ కండ్లు సూడు, కిందికే పోతాండాయి. ఆ కాగితంలో ఇదే గదా రాసిండేది? యాడ పెట్టినావు దాన్ని?"

ఏమని చెప్పను? కాట్పాడికి పోయిందని చెప్పనా? సహోదరులారా, నాకు తెలియక కాదు, తెలిసీ ఆగాను. ఆసుపత్రికి పోతే నా సాక్ష్యం అబద్ధమైపోతుందే, దేవుని పేరు పోతుందే అని భయపడ్డాను. పోయేది దేవుని పేరా, నా పేరా అని అప్పుడు నన్ను నేను అడుగలేదు.

మధ్యాహ్నం మన పాస్టరు అయ్యగారు కూటం సంగతి మాట్లాడదామని కార్లో వచ్చారు. బిడ్డను చూశారు.

"ఏమప్పా దావీదూ, ఎన్నాళ్ళుగా ఇట్లుండాది?"

"నిన్నట్నుంచి అయ్యగారూ. రేపు సాక్ష్యం ఉండాది గదా, ప్రార్థన చేస్తే..."

"నీ సాక్ష్యం పోతే పోనీలేప్పా, బిడ్డ పోతే ఏం జేస్తావు? ప్రార్థన కార్లో చేసుకుందాం, ఎక్కు!"

తిరుపతి దాకా బిడ్డ తల నా ఒడిలోనే ఉంది. పిలిస్తే కళ్ళు తెరవడం లేదు. "ప్రభువా, మూసుకుపోవాల్సింది నా నోరు గదా, దాని గొట్టం ఎందుకు మూసుకుపోనిచ్చినావు? నన్ను మూగోణ్ణి చేసెయ్, బిడ్డను మాత్రం ఇచ్చెయ్." అదీ నేను చేసిన ప్రార్థన. అది ప్రార్థనో తగాదానో నాకు తెలియదు.

గొట్టం మూసుకుపోయిందన్నారు, వెంటనే మార్చారు. డాక్టరమ్మ "గొట్టం మూసుకుపోవడం నీ తప్పు కాదు నాయనా, రెండు రోజులు ఆగినావే, అదే నీ తప్పు" అంది. బిడ్డ కళ్ళు తెరిచి "నాయనా, బొరుగులు" అంది. నేను హల్లెలూయ అనబోతుండగానే జ్వరం! మెడ దగ్గర గొట్టం పొడుగునా ఎర్రగా కమిలింది. లోపల చీము పట్టిందని ఆ కొత్త గొట్టమూ తీసేశారు, తలలో నీరు బయట సంచిలోకి పట్టారు, రోజుల తరబడి సూదిమందులు వేసి, ఆ తరువాత రెండో పక్క ఇంకొకటి వేశారు.

ఆ రోజుల్లో నేను దేవునితో సరిగా మాట్లాడలేకపోయాను. బాగు చేసింది ఆయనైతే మళ్ళీ ఎందుకు చెడింది? చెడనిచ్చింది ఆయనైతే బాగు చేసింది ఎవరు? పక్క మంచంలో సత్యవేడు నుండి వచ్చిన తల్లి ఉండేది. నాకంటే నమ్మకంగా, నాకంటే మెల్లగా ప్రార్థన చేసేది, గ్రేసికి కూడా చేసింది. ఆమె బిడ్డ దక్కలేదు. ఎందుకని అయ్యగారిని అడిగాను. ఆయన "నాకూ తెలీదప్పా" అని నాతో పాటు కూర్చుని ఏడ్చారు. ఇప్పటికీ నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పే ధైర్యం నాలో చచ్చిపోయింది, దానికి దేవునికి స్తోత్రం!

గ్రేసి ఈ రోజు ఆడుకుంటోంది, దేవునికే మహిమ! గొట్టం తలలోనే ఉంది, పని చేస్తోంది, అది ఎప్పుడు మూసుకుంటుందో ఎవరూ చెప్పలేరు. విడుదల అంటే ఏమిటని నన్ను అడిగితే, బిడ్డకు గొట్టం నుండి విడుదల రాలేదు, నాకు నా గొప్పల నుండి వచ్చింది అని చెబుతాను. డాక్టరమ్మను అడిగి ఇంకో కాగితం రాయించుకున్నాను, అది ఇప్పుడు బొరుగుల డబ్బా మూత లోపల అతికించి ఉంది, రోజుకు నూరుసార్లు నా కళ్ళబడుతుంది.

గొట్టం వేసిన బిడ్డలున్న తల్లిదండ్రులారా, ప్రభువును నమ్మండి, ఆయన మంచివాడు. బిడ్డ వాంతి చేసుకుని మత్తుగా పడుకుంటే మాత్రం మోకాళ్ళ మీద ఉండిపోకండి, బండెక్కండి, దారి పొడుగునా ఆయన మీ పక్కనే కూర్చుంటాడు. నేను ఇప్పుడు ప్రతి ఆదివారం లేచి నిలబడి ఒక్క మాటే చెబుతున్నాను: "ఈ పొద్దుకు గ్రేసి బాగుండాది." మీరు నవ్వుతూ ఆమెన్ అంటున్నారు. నాకు ఆ ఒక్క ఆమెన్ చాలు, చప్పట్లు వద్దు.