వాసన లేని మందు

ఈరోజు పొద్దున్న ఒక రైతు పాత పురుగుమందు డబ్బా కౌంటరు మీద పెట్టి మూత తీశాడు. "ఇలా ఘాటుగా ఉండేదే ఇవ్వండి" అన్నాడు. ఆ నూనె వాసన ముక్కుకు తగలగానే నాకు దానియేలు గారు గుర్తొచ్చారు.

రావులపాలెం చుట్టుపక్కల తోటల్లో ముప్పై ఏళ్లు మందు కొట్టిన మనిషి ఆయన. నేను వ్యవసాయ డిప్లొమా చేసి ఈ కొట్టులో చేరిన మొదటి వారం, ఎవరికో చూపిద్దామని ఫ్యాను కింద పొడి మందు పొట్లం చించాను. కొట్టంతా తెల్లటి దుమ్ము లేచింది. మందు కొనడానికి వచ్చిన దానియేలు గారు ఫ్యాను ఆపి, నా రెక్క పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళ్లారు.

"చదువుకున్నారు కదండీ! పొడి మందు గాలికి విప్పుతారా? పురుగు కంటే ముందు మన ఊపిరిలోకే పోద్దండి."

పొడి లేస్తుందని, నూనె మందు సులువుగా కలిసినా చింది ఒంట్లోకి దిగుతుందని నాకు బుర్రకెక్కేలా చెప్పింది ఆయనే. అదే మందు నీళ్లలో కలిసే గుళికలుగా వచ్చినప్పుడు, బకెట్లో గుప్పెడు పోసి చూపిస్తే పొంగిపోయారు. "దుమ్ము లేదు, చిందడం లేదు. ఎవరో మా గురించి ఆలోచించారండీ బాబూ!"

ఆ వారమే ఒక అరటి తోట రైతు ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. దానియేలు గారు గుళికలు అడిగారు. రైతు పొట్లం వాసన చూసి నవ్వాడు.

"ఏంటండీ ఇది, వాసనే లేదు! దీనికి పురుగు చస్తుందా? ఆ నూనె మందే ఇవ్వండి."

దానియేలు గారు నా వైపు చూశారు. రెండూ ఒకే పని చేస్తాయని నాకు తెలుసు. పెద్ద రైతుకు ఎదురు చెప్తే ఏమనుకుంటాడోనని నోరు మెదపలేదు. నూనె డబ్బా తీసి ఇచ్చాను, సిగ్గులేని వెధవని.

మర్నాడు ట్యాంకులో పోస్తుంటే ఆ మందు చింది ఆయన కుడి కంట్లో పడింది. ఆ కంటి చూపు పోయింది. చూడ్డానికి వాళ్లింటికి వెళ్తే ఆయన నన్ను తిట్టలేదు, కుర్చీ వేయించారు.

"గుళికలైనా పురుగు చస్తుందని మీకు తెలుసు కదండీ?"

"తెలుసండి."

"మరి ఆయనతో అనలేదేంటండీ?"



పొద్దున్న వచ్చిన రైతు ముందు గుళికల పొట్లం పెట్టాను. "ఆ వాసన నూనెదండీ. పురుగును చంపే మందు రెండింట్లోనూ ఒకటే. కొట్టే మనిషికి ఇదే మంచిది" అన్నాను. అతను "అలాగా అండీ" అని పొట్లం తీసుకుని వెళ్లిపోయాడు. ఆ మాట చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు.