కామమ్మ వలకు దూరంగా కూర్చున్న రోజులు

మా జువ్వలదిన్నె రేవులో వల చినిగితే ముందు కామమ్మను పిలిచేవాళ్లం. నేను ముడి వేయడం నేర్చుకున్నది ఆమె చేతులు చూసే. నోటితో చెప్పేది కాదు. ముడి తప్పు పడితే నా చేతిలోంచి వల లాక్కుని, విప్పి, మళ్లీ ఇచ్చేది.

మా దగ్గర ముట్టయిన ఆడవాళ్లు వలను తాకరు. వయసులో ఉండగా ఆ నాలుగు రోజులూ ఆమె ఇసుకలో దూరంగా కూర్చునేది. యాభై ఏళ్లకు ముట్టు నిలిచిపోయాక, "ఇంక నాకు సెలవుల్లేవబ్బయా" అని నవ్వింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఒక్కరోజు నాగా పెట్టలేదు. మా పనిలో అంత మంచి కాలం మళ్లీ చూడలేదు.

పోయిన కార్తీకంలో ఆమె మళ్లీ దూరంగా కూర్చుంది.

"ఏం వదినా, మళ్లీ పడుచుదానివయినావా?" అన్నాడు ఆమె మరిది మాల్యాద్రి.

"అయినాను. నీ కండ్లు వల మీద పెట్టు."

అందరం నవ్వాం. మరుసటి నెల మూడుసార్లు అలాగే కూర్చుంది. నియమం ప్రకారం ఆమెకు వల అందివ్వడం మానేశాం. అంతకుమించి ఎవరం ఆలోచించలేదు.

ఆశా కార్యకర్త వినీల పుస్తకంలో ఆడవాళ్ల వివరాలు రాసుకుంటూ, ఇల్లిల్లూ తిరుగుతూ ఒకరోజు రేవుకు వచ్చింది.

"పెద్దమ్మా, నీకు ముట్టు నిలిచి ఎన్నేళ్లు?"

"ఎనిమిది. ఇప్పుడు మళ్లీ వస్తా ఉండాదిలే."

వినీల రాయడం ఆపింది. "ఏడాది నిలిచినాక చుక్క కనపడినా అది ముట్టు కాదు పెద్దమ్మా. చానామందికి ఏమీ ఉండదు. కొందరికి గర్భసంచి లోపలి పొరలో కేన్సర్ ఉంటాది. చూపించుకోవాల."

"వేడి చేసినాది. సబ్జా నీళ్లు తాగతా ఉండా."

"సబ్జాతో పోయేది కాదు. రేపు నెల్లూరికి పోదాం."

"రేపు వల పని ఉండాది."

"ముట్టని చెప్పి వల తాకనిదానివి, నీకు దాంతో ఏం పని?"

మరుసటి రోజు పొద్దున్నే ఇద్దరూ నెల్లూరు బస్సెక్కారు.

స్కానింగులో ఆ పొర పద్నాలుగు మిల్లీమీటర్లు ఉందన్నారు. ఈ వయసులో రక్తం కనపడినవాళ్లకు నాలుగు దాటితే ముక్క తీసి పరీక్షకు పంపాలట. ఫలితం రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ రేవులో ఎవరం గట్టిగా నవ్వలేదు. నా మట్టుకు నాకు, ముందు నవ్విన నవ్వే గుర్తొచ్చేది.

కేన్సరే. ఇంకా గర్భసంచి దాటలేదు. ఆపరేషన్ చేసి సంచి తీసేశారు. తీసినదాన్ని పరీక్షించి, ఇంకే మందూ అక్కర్లేదు, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నారు.

ఆపరేషన్ అయిన మూడో నెలలో ఆమె వినీలను ఇంటికి పిలిపించింది.

"నీ పుస్తకంలో ముట్టు నిలిచినోళ్లు ఎంతమందే?"

"నూటపది మంది పెద్దమ్మా. అడిగితే అందరూ ఏమీ లేదనే చెప్తారు."

"నీకట్నే చెప్తారు. పద, నేనొస్తా."

ఆ సాయంత్రం ఇద్దరూ మొదట మా ఇంటికే వచ్చారు. నా భార్య సుభాషిణికి ముట్టు నిలిచి రెండేళ్లయింది. ఆమె వాళ్లను లోపలికి తీసుకుపోయి, నన్ను కాసేపు బయట కూర్చోమని తలుపు వేసుకుంది.