రాజన్న కుడికాలు పొట్టి అయిన వైనం

నడుము నొప్పి తప్ప మరే లోపమూ లేని నిక్షేపంలాంటి మనిషిని ఒక్క సాయంత్రంలో కుంటివాణ్ణి చేయడం అందరికీ పట్టుబడే విద్య కాదు. నాకు పట్టుబడింది. అదీ ఆయన బతుకుదెరువు తేలే రోజుకు సరిగ్గా ముందు. ఆ ఘనకార్యం చదివి మీరు నిస్సంకోచంగా నవ్వుకోవచ్చు. రాజన్నే నవ్వుతున్నప్పుడు నాకు అభ్యంతరం ఎందుకు?

దమ్మామ్‌లో ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో నేను గుమాస్తాను. నితాకత్ అనే సర్కారు చట్టం వచ్చి కంపెనీలకు రంగులు పూసిన రోజులవి. సౌదీ ఉద్యోగులు తగినంతమంది ఉంటే పచ్చ, లేకుంటే ఎరుపు. మా కంపెనీ పండుమిరపకాయంత ఎర్రగా తేలింది. ఎర్ర కంపెనీవాళ్లకు నివాసపు కార్డు, అంటే అక్కామా, మళ్లీ రాదు. గడువులోగా పచ్చ కంపెనీకి మారాలి, లేదా విమానం ఎక్కాలి.

గుమాస్తా కుర్చీ ఎలాగూ దక్కదని తేల్చుకుని, చేతిలో ఒక విద్య ఉంటే మంచిదని కైరోప్రాక్టిక్ కళాశాలలో చేరాను. వెన్నుపూసలను చేతులతో సరిచేసే వైద్యం అది. పాఠాలు కంప్యూటర్‌లో, అభ్యాసం శుక్రవారాల్లో, ఊళ్లోనే ఒక హాలులో, ఈజిప్టు దేశస్థుడైన డాక్టర్ సమీర్ గారి కళ్ల ముందు. జేబులు లేని వదులు పైజామాలు తొడుక్కుని, విద్యార్థులం వంతులవారీగా బల్ల మీద పడుకునేవాళ్లం. ఒకే వీపు మీద ఇద్దరం వెన్నుపూసలు లెక్కపెడితే లెక్క ఏనాడూ కలిసేది కాదు. ఒకసారి నాకు ఒక పూస మిగిలింది. "అది ఎవరిదో కనుక్కుని ఇచ్చేసిరా" అన్నారు డాక్టర్ గారు.

మొదటి ఏడాదివారికి ఆయన శాసనం ఒకటే: చూడవచ్చు, కొలవవచ్చు, వైద్యం చేయరాదు. కొలవడమంటే నాకు ప్రాణం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త వైద్యవిద్యార్థి నిటారు మనిషిని ఎరగడు. బజారులో నడిచే ప్రతివాడూ నా కంటికి గాలివానకు ఒరిగిన కరెంటు స్తంభంలా కనిపించేవాడు.

ఇక మా కంపెనీలోనే పనిచేస్తూ నా గదిలో ఉండే రాజన్న జగిత్యాల వైపు మనిషి, పరంజా కట్టడంలో దిట్ట. ఊళ్లో ఇంటి గోడలు లేచాయి, పైన స్లాబు పడలేదు. పచ్చ కంపెనీ తీసుకుంటేనే స్లాబు. లేకుంటే ఆకాశమే కప్పు. నేను చెప్పే సాయంత్రానికి మర్నాడే ఆ కంపెనీవారి పరీక్ష. ఆయనకేమో కొన్ని నెలలుగా నడుము కుడివైపు గుంజుతోంది.

"పడుకోండి రాజన్నా, చూస్తాను" అన్నాను.

"సూసుడేనా, ఇరుసుడు గూడ ఉంటదా తమ్మీ?"

"చూడడమే."

వెల్లకిలా పడుకున్నాడు. మడమలు రెండూ దగ్గరకు చేర్చి టేపు పెట్టి చూస్తే కుడికాలు బొటనవేలి మందం పొట్టి! నా ఆనందానికి అవధి లేదు.

"రాజన్నా, మీ కుడికాలు పొట్టి."

"గట్లెట్లయితది? పుట్టినప్పటిసంది రెండు కాళ్లు నాయే గద!"

"మీవే. కాని సమానం కావు. నడుము నొప్పికి మూలం అదే."

పాత హవాయి చెప్పు మడమ కోసి, అరగదీసి, ఆయన కుడి బూటులో అమర్చాను. బూటుకు చేసింది మనిషికి చేసినట్టు కాదని శాసనానికి భాష్యం కూడా చెప్పుకున్నాను.

పొద్దున బూట్లు వేసుకుని నాలుగడుగులు వేశాడు. "తమ్మీ, పడవల నడిసినట్టున్నది."

"మొదట అలాగే ఉంటుంది."

"కడకు గూడ గిట్లనే ఉంటె?"

మాట సాయానికని నేనూ ఆయన వెంట వెళ్లాను. పచ్చ కంపెనీ ఫోర్‌మన్ గుల్‌ఖాన్ మీసాలు దువ్వుకుంటూ, "చల్ కే దిఖావ్" అన్నాడు. రాజన్న నడిచాడు. ఒంటె కాలికి ముల్లు గుచ్చుకుంటే ఎలా నడుస్తుందో అలా నడిచాడు.

"అరే, యే తో లంగ్డా హై!" గుల్‌ఖాన్ అరిచాడు. సర్కారుకు తలకింత లెవీ పన్ను కట్టి కుంటివాణ్ణి ఏం చేసుకోవాలని ఆయన ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే.

రాజన్న నావైపు చూశాడు. ఆ చూపులో స్లాబు లేని ఇల్లు మొత్తం కనిపించింది. పక్కకు పరుగెత్తి డాక్టర్ గారికి ఫోను చేశాను. శిష్యుడి ఘనకార్యం అంతా విని ఆయన ఒక్క మాట అడిగారు.

"పడుకోబెట్టినప్పుడు అతని వెనక జేబులో ఏముంది?"

వెనక్కి వచ్చి రాజన్న కుడి జేబు తడిమాను. ఇటుకంత కట్ట! అక్కామా, దాని నకళ్లు, పాస్‌పోర్టు నకళ్లు, ఇన్సూరెన్సు కార్డు, అన్నీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి, రబ్బరు బిగించి ఉన్నాయి.

"ఇది పెట్టుకునే పడుకున్నారా?"

"పెట్టుకునే పంటున్న నెలలసంది. తీసి ఏడ పెట్టాలె? షుర్తా పోలీసోడు అచ్చి అక్కామా సూపెట్టుమంటె, నీ టేపు సూపెట్టాల్నా?"

నా కొలత తప్పు కాదు పాఠకులారా. రాజన్న కాలు అనుకుని నేను కొలిచింది ఆయన కాగితాల లావు. కట్ట ఒక పిరుదును ఎత్తితే నడుము ఒరిగింది. ఒరిగిన నడుము కాలిని పొట్టిగా చూపింది. ఆ ఇటుక మీదే నెలల తరబడి పడుకుంటే నడుము గుంజక ఏం చేస్తుంది? ఆడలేక మద్దెల ఓడన్నారట. నేను జేబు చూడలేక కాలు కురచన్నాను.

బూటు విప్పించి ముక్క పీకి పారేశాను. వచ్చీరాని హిందీలో గుల్‌ఖాన్‌కు నేరం ఒప్పుకున్నాను. ఆయన నమ్మక పరంజా వైపు వేలు చూపించాడు. రాజన్న అక్కసంతా కాళ్లలోకి తెచ్చుకుని, ఉడుత సిగ్గుపడేలా పైకి ఎగబాకి, అక్కణ్ణుంచి కేక వేశాడు: "ఏ కాలు పొట్టి తమ్మీ? ఈడికచ్చి కొలువు!"

గుల్‌ఖాన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇస్‌కో లే లో. డాక్టర్ సాబ్ కో గేట్ కే బాహర్ రఖో."

అలా రాజన్న పచ్చ కంపెనీలోకి, నేను గేటు బయటికి చేరాం. స్లాబు పడింది. డాక్టర్ సమీర్ గారు నన్ను ముందు బెంచీ మీద కూర్చోబెట్టి, ప్రతి శుక్రవారం అందరి పైజామాలూ తడిమి చూసే పదవి ఇచ్చారు. జేబులు లేని పైజామాలని మనవి చేసినా వినలేదు.

నా సలహా మేరకు రాజన్న ఆ కట్టకు తాడు కట్టి మెడలో వేసుకున్నాడు. నడుము నొప్పి మంత్రించినట్టు పోయింది. నా విద్య గెలిచిందని మురిసిపోతుండగా వారం తిరగకుండా ఒకనాడు పని దిగి గదికి వచ్చాడు.

"తమ్మీ, నడుము సల్లబడ్డది గని, ఇప్పుడు మెడ గుంజుతాంది. చెప్పు ముక్క ఈడ గూడ పెడుతవా?"

ఆ క్షణమే, మిగిలిన హవాయి చెప్పు మీద కుడిచేయి ఉంచి ప్రతిజ్ఞ చేశాను: ఇకపై షుర్తాలా జేబులు సోదా చేయనిదే ఏ మానవుడి కాలూ పొట్టి అనను. అప్పటికీ పొట్టిగానే కనిపిస్తే, ఆ సంగతి అతనికి చెప్పను.