గడువు దాటిన వాల్తేరు పాసు

మా పక్క క్వార్టరు మాస్టారు మంగళవారం పొద్దున్న పోయారు. కుళాయి దగ్గరికి వెళ్ళిన అమ్మ ఖాళీ బిందెతో తిరిగొచ్చి గడపలోనే కూలబడింది. నేను అడగాల్సిన పని లేకపోయింది.

రాయపూర్ రైల్వే కాలనీలో మన తెలుగువాళ్ళలో చాలామందికి ఆయన గూడ్సు ఆఫీసు గుమాస్తాగానే తెలుసు. ఆడపిల్లలం మాకు మాత్రం ఇంగ్లీషు మాస్టారు. డ్యూటీ దిగి, టీ తాగి, వరండాలో చాప పరిచేవారు. ఏ మాట నేర్పినా, మర్నాటికి మా ఇంట్లో నిజంగా జరిగినదాన్ని ఆ మాటతో రాసుకు రమ్మనేవారు. "పుస్తకంలో వాక్యం పుస్తకానిది. మీ ఇంటిది పట్రండి" అనేవారు. ఇవాళ నాకొచ్చిన ప్రతి ఇంగ్లీషు వాక్యమూ ఆ చాప మీద పుట్టిందే.

ఒక సాయంత్రం ‘పుట్ ఆఫ్’ చెప్పారు. పనిని వాయిదా వేయడం, మనిషికి ఏదో ఒకటి చెప్పి తిప్పి పంపడం, దేనిమీదో మనసు విరగడం, అన్నిటికీ అదే మాటట. వెళ్ళడాన్ని వాయిదా వేస్తే ‘గోయింగ్’ అనాలి, ‘టు గో’ అనకూడదని రెండుసార్లు చెప్పారు. మర్నాడు ఒక పిల్ల, రైసుమిల్లు ఉప్పుడు ధాన్యం వాసనకి తనకు అన్నం సయించదని రాసింది. బి.ఏ. అయ్యాక నాగపూర్‌లో ఎం.ఏ. చదువుతానంటే నాన్న నన్ను తిప్పి పంపుతున్నాడని నేను రాశాను. మాస్టారు నవ్వు ఆపుకుని, "వాక్యం పక్కాగా ఉంది. మీ నాన్నకి మాత్రం చూపించకు" అన్నారు.

మరి మీ వాక్యం ఏదని అడిగాను.

గ్రామరు పుస్తకంలోంచి మడతపెట్టిన రైల్వే పాసు తీశారు. గొంతులో గడ్డ ఉందని, వాల్తేరు పెద్దాసుపత్రిలో చూపించుకోమని డాక్టరు చిట్ఠీ రాశాడట. "ఎల్లుండి బండికి వెళ్దామని. నీ పరీక్ష ఇంకా నెలే ఉంది కదమ్మా, ఏమంటావు?"

"పరీక్ష అయ్యాక వెళ్ళండి మాస్టారూ. పాసు మళ్ళీ రాయించుకోవచ్చుగా."

రైల్వే ఇళ్ళలో పుట్టినవాళ్ళం. బండి రోజూ ఉంటుంది, పాసు మళ్ళీ దొరుకుతుంది, ప్రయాణం ఎప్పుడైనా చేయొచ్చని ఎవరూ చెప్పకుండానే మాకొక నమ్మకం. "అదీ నిజమే. బస్, అంతే. పరీక్ష కానీ" అన్నారాయన. ఆగమని నేను బతిమాలను కూడా లేదు.

ఆ నెలలో ఆయన గొంతు రోజురోజుకీ పూడుకుపోయింది. చివరి వారం పలక మీద రాసి పాఠం చెప్పారు. చూడలేదని బొంకలేను. చూశాను. వినపడనప్పుడు ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చున్నాను, అంతే.

పరీక్షలయ్యాక కొత్త పాసు మీద వెళ్ళొచ్చారు. ఏమన్నారని అడిగితే, మందులిచ్చారని పలక మీద రాశారు. ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చావని అక్కడి డాక్టరు కోప్పడ్డ సంగతి నిన్న వాళ్ళావిడ చెప్పారు. "నీకు తెలియనివ్వొద్దన్నారమ్మా. అందుకే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను" అన్నారావిడ, నా ముఖంలోకి చూడకుండా.

పరీక్ష గట్టెక్కింది. నాగపూర్ మాటెత్తితే నాన్న ఇంకా ‘ఈ సాల్ కాదు, వచ్చే సాల్’ అని ఏడాది వాయిదా వేస్తూనే ఉన్నాడు. అడగాలని నాకూ లేదిప్పుడు.

ఆ గ్రామరు పుస్తకం ఆవిడ నాకే ఇచ్చారు. ఏ టికెట్ కలెక్టరూ చూడని మొదటి పాసు ఇంకా ఆ పేజీల మధ్యే ఉంది. ఇవాళ పొద్దున్న క్వార్టర్ల వెనక నుంచి వాల్తేరు బండి కదిలింది. పెరటి గోడ దగ్గర నిలబడి చూశాను. కిటికీ పక్క చోట్లు చాలా ఖాళీగానే వెళ్ళిపోయాయి.