కట్టయ్య వేసిన రంగు

నూలుకు రంగులద్దే కట్టయ్యకు అరవై ఐదేళ్లు. భార్య పోయింది, పిల్లల్లేరు, చూపు మసకబారింది. 1984లో వరంగల్‌లోని ఓ వృద్ధాశ్రమంలో ఒక్క మంచం ఖాళీ అయిందని తెలిసి పక్కింటి భాగ్యమ్మ ఆయన్ని వెంటబెట్టుకొచ్చింది. నలుగురిలో నీటుగా కనబడాలని కట్టయ్య ఆ పొద్దున్నే జుట్టుకూ మీసాలకూ నూలు రంగు దట్టించాడు.

మేనేజర్ ఎగాదిగా చూశాడు. "అరవై నిండినోళ్లకే జాగ. నీకు యాభై గూడ ఉండయి."

కట్టయ్య జుట్టు పట్టి చూపించాడు. "గిదంత రంగు సారూ!"

"అయితే కడుక్కొని రా. మంచం ఇయ్యాల్నే ఎవరికో ఒకరికి ఇచ్చేస్త."

కట్టయ్య నల్లా కింద తల పెట్టి సబ్బు అరిగేదాకా రుద్దాడు. తాను వేసిన రంగు చీర చిరిగినా పోదని నలభై ఏళ్లు బజారంతా డప్పు కొట్టుకున్నాడు. ఆ మాట ఇప్పుడు నిజమై కూర్చుంది. చుక్క నలుపు కారలేదు.

"సోకులు జేసుకోనీకె ఇదేనా టైము, పెద్దయ్యా?" భాగ్యమ్మ తల కొట్టుకుంది.

లోపల మేనేజర్ రిజిస్టర్ మూస్తున్నాడు. కట్టయ్య ఉరికొచ్చి అంగీ గుండీలు పటపటా విప్పేశాడు. ఛాతీ నిండా దూది పరిచినట్టు తెల్లటి వెంట్రుకలు.

"జర సూడుండ్రి సారూ! గీడికొచ్చేసరికి రంగు అయిపోయింది."

మేనేజర్ నవ్వు ఆపుకోలేక రిజిస్టర్ మళ్లీ తెరిచాడు.

"పేరు జెప్పు, తాతా."